డబ్బు పడితే తెలుగులో చెప్పే పెట్టె, అద్దె పెంచితే ఇంగ్లీషు ఎస్సెమ్మెస్. నిబంధనలు మారిస్తే మనకెలా చెప్పాలి?

చిట్టాపుస్తకం (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారికి తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడేళ్ళ కిందట కొట్లో క్యూఆర్ కోడు, దాంతోపాటు సౌండ్‌బాక్స్ పెట్టించాను. ఎవరైనా స్కాన్ చేసి డబ్బు వేస్తే "నలభై రూపాయలు అందాయి" అని గట్టిగా చెప్తుంది కదా, అదే. నాన్న దాన్ని "మాట్లాడే పెట్టె" అంటారు. నెలకి 50 రూపాయలు అద్దె, జీఎస్టీ కలిపితే 59. ప్రతి ఒకటో తారీకు ఖాతాలో పడే డబ్బులోంచి కోసుకుంటారు. అది ఆయనకి తెలుసు, ఒప్పుకున్నదే.

నాన్న రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టె డబ్బు, ఫోన్ డబ్బు విడివిడిగా పొడుగు పుస్తకంలో రాస్తారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. పోయిన ఒకటో తారీకున లెక్క తేడా వచ్చింది. 59 తగ్గాల్సింది 147 రూపాయల 50 పైసలు తగ్గింది. ఎవరో నగదు ఇస్తే తనే ఫోన్ డబ్బు కింద రాసుకున్నానేమో అనుకుని రెండు రాత్రులు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారట. మూడో రోజు నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నాకు కూడికలు తప్పే రోజులొచ్చాయేమోరా" అన్నారు. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన ఫోన్‌లో మెసేజీలన్నీ ఫోటోలు తీయించి పంపించుకుని వెతికితే దొరికింది. ఐదు వారాల కిందటి ఎస్సెమ్మెస్. పైన ఒక లోన్ ఆఫరు, కింద ఇంకో లోన్ ఆఫరు, మధ్యలో ఇది. ఇంగ్లీషులో. సారాంశం ఏంటంటే: మీ పరికరానికి సంబంధించిన షరతులు సవరించాం, సేవ వాడుతూనే ఉంటే ఒప్పుకున్నట్టే, వివరాలకి ఈ లింకు నొక్కండి. లింకు నొక్కితే 38 పేజీల పీడీఎఫ్. అద్దె 50 నుంచి 125 అయిందన్న సంగతి 31వ పేజీలో ఒక పట్టికలో ఉంది. ఎస్సెమ్మెస్‌లో 125 అన్న అంకె లేదు.

నా బాధ అద్దె పెంచారని కాదు. ఆ పెట్టె రోజుకి వందసార్లు తెలుగులో మాట్లాడుతుంది. పది రూపాయల పాల ప్యాకెట్టుకి కూడా నోరు విప్పుతుంది. తన అద్దె పెరిగిన సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

అసలు కంపెనీలు ఇలాంటి మార్పులు ఎలా చెప్పాలి? చట్టం ఏమంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

మోడరేటర్

కంపెనీ పేరు రాయనందుకు థ్యాంక్స్. మిగతావాళ్ళూ మీ సొంత గొడవలు రాసేటప్పుడు పేర్లు వద్దు. కోర్టు తీర్పులు, పేపర్లలో వచ్చిన సంగతులైతే పేరుతో రాయొచ్చు.

అనంతపురం_అబ్బి

అన్నా, బాధ అర్థమైంది గానీ ఒక మాట. తెలుగులో పంపినా ఎవురు చదువుతారు? నువ్వు ఐఫోన్ అప్‌డేట్ కొట్టేటప్పుడు ఎన్నిసార్లు చదివినావు? 2008లోనే అమెరికాలో కార్నెగీ మెలన్ వాళ్ళు లెక్కగట్టినారు. ఒక మనిషి ఏడాదిలో తెరిచే సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ కూర్చుని చదివితే రెండొందల గంటలకు పైనే పడుతుందంట. అది స్మార్ట్‌ఫోన్లు ఊరూరా రాకముందు మాట. మీ నాయనకి 38 పేజీలు తెలుగులో ఇచ్చినా పక్కన పెట్టి ఉప్పు తూకమేసుకుంటాడు.

చిట్టాపుస్తకం

38 పేజీలు ఎవరడిగారు బ్రో? ఒక్క అంకె చెప్పమన్నాను.

నల్లకోటు

గుంటూరులో లాయరుగా ప్రాక్టీసు చేస్తుంటాను. తెలిసినంత చెప్తాను, ఇది సలహా కింద తీసుకోకండి.

నిబంధనలు మారిస్తే ఇలా చెప్పి తీరాలి అని అన్ని రంగాలకూ కలిపి మనకు ఒక్క చట్టం లేదు. అతుకుల బొంత. క్రెడిట్ కార్డు ఉందనుకోండి, రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఛార్జీలు మార్చాలంటే కనీసం ఒక నెల ముందు చెప్పాలి, మార్పు ముందుకే వర్తించాలి, పాత తేదీ నుంచి కుదరదు. ఆ మార్పు నచ్చక కార్డు వదిలేస్తానంటే అందుకు అదనంగా వసూలు చేయకూడదు. మొబైల్ టారిఫ్ ప్లాన్ అయితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం, చేరిన రోజు నుంచి 6 నెలలు రేటు పెంచకూడదు. సోషల్ మీడియా లాంటి వేదికలకు 2021 ఐటీ రూల్స్ ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారైనా తమ నిబంధనలు, వాటిలో మార్పులు వాడకందార్లకు తెలియజేయాలి. 2022 అక్టోబరు సవరణలో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషలు కూడా చేర్చారు.

మీ నాన్నగారి పెట్టె వీటిలో వేటికీ నేరుగా తగలదు. అది ఒక ప్రైవేటు అద్దె ఒప్పందం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" అని ఒక నిర్వచనం ఉంది, అటు వెళ్ళొచ్చు. కానీ కంపెనీ తరఫు వకీలు లేవగానే "ఈయన వ్యాపారి, వినియోగదారుడు కాదు" అంటాడు. పొట్టకూటి కోసం సొంతంగా నడుపుకునే కొట్టు అని మనం వాదించాలి. ఇంకో తమాషా, అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ తీసుకోదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. నెలకు 88 రూపాయల 50 పైసల కోసం. బస్సు ఛార్జీ అంతకంటే ఎక్కువ.

ఓరుగల్లు_చీరెలు

మా దగ్గర ఇంకా ఘోరం. నేను ఆన్‌లైన్ల చీరెలు అమ్ముత. నిరుడు బతుకమ్మకు ముందు అప్పు జేసి మరీ స్టాకు దెచ్చిన. ఏ చీరె మీద ఎంత మిగుల్తదో లెక్క గట్టుకున్నంకనే తెచ్చిన. స్టాకు వచ్చి ఇంట్ల కూసున్నంక, పండుగ పది రోజులున్నదనంగ, కమీషన్ పెంచిన్రు. రిటర్న్ వస్తే దానికి కిరాయి గూడ మనమే కట్టాలె. ఎక్కడ చెప్పిన్రు అంటే సెల్లర్ ప్యానెల్ల పైన పచ్చరంగు పట్టీ. అది నొక్కి తీసేస్తెనే కింద ఆర్డర్లు కనవడుతయ్. పొద్దుగాల ముప్ఫై ఆర్డర్లు ప్యాక్ జేసే ఆడిమనిషి పట్టీ చదువుతదా, తీసేస్తదా? నేను తీసేసిన. "మీరు చూసి క్లోజ్ చేసినట్టు రికార్డు ఉంది మేడమ్" అన్నరు తర్వాత.

మ్యూనిక్_మిరపకాయ

@ఓరుగల్లు_చీరెలు అక్కా, సరిగ్గా మీలాంటి వాళ్ళ కోసమే యూరప్‌లో ఒక నియమం ఉంది. 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్ మార్కెట్లు అమ్మకందార్ల షరతులు మార్చాలంటే కనీసం 15 రోజుల ముందు, దాచుకునే వీలున్న రూపంలో చెప్పాలి. తీసేస్తే మాయమయ్యే పట్టీ లెక్కలోకి రాదు. పైగా అమ్మకందారు సర్దుకోవడానికి ఎక్కువ టైం పట్టే మార్పైతే గడువు ఇంకా ఎక్కువ ఇవ్వాలి. మీకు స్టాకు ఇంట్లో ఉంది కాబట్టి ఆ వాదన పనికొచ్చేది.

ఇక థ్రెడ్ మొదలుపెట్టిన అన్నగారికి. "వాడుతూనే ఉంటే ఒప్పుకున్నట్టే" అన్న వాక్యం మీద ఇక్కడ పెద్ద యుద్ధమే జరిగింది. జర్మనీ బ్యాంకులు ఏళ్ళ తరబడి ఏం చేసేవంటే, రెండు నెలల ముందు ఉత్తరం రాసేవి. మీరు వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. 2021 ఏప్రిల్ 27న ఇక్కడి అత్యున్నత సివిల్ కోర్టు పోస్ట్‌బ్యాంక్ కేసులో ఆ షరతు చెల్లదంది. ఊరుకున్నంత మాత్రాన ఏ మార్పుకైనా ఒప్పుకున్నట్టు కాదని తేల్చింది. అలా పెంచి వసూలు చేసిన ఛార్జీలు తిరిగి అడిగే దారి జనానికి దొరికింది. నాకు మా బ్యాంకు నుంచి పాత షరతులన్నిటికీ మళ్ళీ "ఒప్పుకుంటున్నాను" అని నొక్కమంటూ ఉత్తరమొచ్చింది. ఎప్పుడో జరిగిన పెళ్ళికి ఇప్పుడు శుభలేఖ అన్నమాట.

మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. అర్ధం అంటే సగమే. మిగతా సగం ఎవరిచ్చారని ఆ కోర్టు అడిగినట్టుంది.

అనంతపురం_అబ్బి

ఆ మిగతా సగం కూడా నొక్కేస్తారులే అన్నా. ఒప్పుకోకుంటే ఖాతా మూసేస్తామంటే ఏం చేస్తావు?

మ్యూనిక్_మిరపకాయ

అబద్ధం చెప్పను, అదీ జరిగింది. తీర్పు తర్వాత కొన్ని బ్యాంకులు జవాబివ్వని వాళ్ళకు ఖాతా రద్దు చేస్తామని రాశాయి. కానీ తేడా ఉంది. "మూసేస్తాం" అని రాయాలంటే వాళ్ళు బయటపడాలి, పేపర్లో పడుతుంది, నేను ఇంకో బ్యాంకు చూసుకుంటాను. మౌనం మీద నడిచే పద్ధతిలో ఇవేవీ జరగవు.

డెస్క్_14

కొంచెం అవతలి పక్క నుంచి. నేను ఒక యాప్ కంపెనీలో ప్రొడక్టు మేనేజర్ని. ఏ కంపెనీ అన్నది అనవసరం.

అలాంటి మెయిల్ ఎలా తయారవుతుందో చెప్తాను. లాయర్లు రెండు పేజీలు రాస్తారు. వాళ్ళ భయం ఒకటే, "చెప్పలేదు" అని రేపు కోర్టులో అనిపించుకోకూడదు. కస్టమర్ కేర్ వాళ్ళ భయం ఇంకొకటి, ఫోన్లు పోటెత్తకూడదు. మార్కెటింగ్ వాళ్ళు సబ్జెక్టు లైను మారుస్తారు, "అద్దె పెరుగుతోంది" అన్నది "మీ అనుభవాన్ని మరింత మెరుగుపరుస్తున్నాం" అవుతుంది. చివరికి శుక్రవారం సాయంత్రం పంపిస్తారు. సోమవారం మీటింగులో ఫోన్లు పెద్దగా రాలేదంటే అందరూ భేష్ అనుకుంటారు. అంటే మా కొలమానం ప్రకారం నోటీసు బాగా పనిచేసిందంటే ఎవరూ గమనించలేదని అర్థం. ఇది నేను గర్వంగా చెప్పట్లేదు.

పెట్టె అద్దె ఎందుకు పెరుగుతోందన్నదీ చెప్పాలి. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర కమీషన్ తీసుకోవడానికి లేదు. క్యూఆర్ అంటించినందుకు పైసా రాదు. రాబడి రావాలంటే పెట్టె అద్దె, వ్యాపారికిచ్చే లోన్లు. ఆ లోన్ ఎస్సెమ్మెస్‌ల మధ్యలో మీ నోటీసు ఇరుక్కోవడానికీ అదే కారణం.

కానీ ప్రతి మార్పుకీ "ఒప్పుకుంటున్నాను" అడగమనకండి. మేం అడిగి చూశాం. మూడోసారికి జనం కళ్ళు మూసుకుని నొక్కుతారు. అప్పుడు నిజంగా పెద్ద మార్పొచ్చినా అదే నొక్కుడు. నాన్నా పులి కథ అయిపోతుంది.

పాస్‌బుక్_తాతయ్య

బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. డెస్క్ బాబు చెప్పింది వింటే నవ్వొచ్చింది. మా రోజుల్లోనూ అంతే.

వడ్డీ రేట్లు, ఛార్జీలు మారితే బ్రాంచిలో నోటీసు బోర్డుకి గుచ్చేవాళ్ళం. బోర్డు ఎక్కడుండేది? టాయిలెట్‌కి వెళ్ళే సందులో. అప్పులు తీసుకున్నవాళ్ళకి ఉత్తరాలు "అండర్ సర్టిఫికేట్ ఆఫ్ పోస్టింగ్" కింద వేసేవాళ్ళం. పోస్టాఫీసులో ఒక కాగితం మీద ముద్ర కొట్టించుకోవడం, అంతే. ఆ ముద్ర చెప్పేది ఉత్తరం పోస్టులో వేశామనే. అవతలివాడికి అందిందని కాదు. కోర్టుల్లో దాని మీద ఎన్ని తగాదాలో నల్లకోటు గారికి తెలిసే ఉంటుంది. 2011లో తపాలా శాఖ ఆ పద్ధతే ఎత్తేసింది. ఇప్పటి ఎస్సెమ్మెస్ "డెలివర్డ్" అన్నది కూడా నా కంటికి ఆ ముద్రలాగే కనిపిస్తుంది. పంపడం వేరు, తెలియజెప్పడం వేరు.

ఇంకా వెనక్కి వెళ్తే, మా చిన్నప్పుడు ఊళ్ళో పన్ను గడువు మారినా, కాలవకి నీళ్ళు కట్టేస్తున్నా టముకు వేయించేవాళ్ళు. చదువు రానివాడికీ చెవులుంటాయి కదా. ప్రతి వీధి మొదట్లో ఆగి, డప్పు కొట్టి, రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్ళేవాడు. "వివరములకు కచేరీలో సంప్రదించవలెను" అని ఊరుకుంటే మునసబు ఊరుకునేవాడు కాదు. మీ నాన్నగారి కొట్లో ఉన్న పెట్టె ఆ టముకే. వాళ్ళ చేతిలో డప్పు పెట్టుకుని చీటీ రాసి పంపారు.

గేమ్_గూటిలో

@పాస్‌బుక్_తాతయ్య మాస్ సార్!

నేను గేములు తయారుచేసే చిన్న టీంలో ఉన్నా. మా రంగంలో జరిగింది చెప్తా. యూనిటీ అని గేమ్ ఇంజన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, సగం మొబైల్ గేములు దాని మీదే నడుస్తాయనుకోండి. 2019లో ఒక గొడవయ్యాక వాళ్ళు మంచి పని చేశారు. తమ నిబంధనలన్నీ ప్రోగ్రామర్లు కోడు దాచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టారు. ఏ రోజు ఏ వాక్యం మారిందో, పాతది ఎరుపులో కొత్తది ఆకుపచ్చలో, ఎవడైనా చూసుకోవచ్చు. నోటీసంటే అలా ఉండాలని అందరం మెచ్చుకున్నాం.

ఆ తర్వాత ఆ గిట్‌హబ్ పేజీ చడీచప్పుడు లేకుండా మాయమైంది. 2023 సెప్టెంబరు 12న బాంబు పేల్చారు. గేము ఒక హద్దు దాటితే ప్రతి ఇన్‌స్టాల్‌కీ డబ్బు కట్టాలి, 2024 జనవరి 1 నుంచి. ఎప్పుడో విడుదల చేసేసిన గేములకి కూడా. మేం రెండు రోజులు పని మానేసి ఎక్సెల్ షీట్లో లెక్కలేసుకున్నాం. ఉచితంగా ఇచ్చే మా గేముకి జనం పెరిగితే నష్టం పెరిగేట్టుంది. ప్రపంచమంతా తిరగబడింది. పది రోజుల్లో క్షమాపణ చెప్పి చాలావరకు వెనక్కి తగ్గారు, అక్టోబరులో సీఈవో దిగిపోయాడు, 2024 సెప్టెంబరులో ఆ ఫీజే ఎత్తేశారు.

నా పాయింటు: మాకు కోపం తెప్పించింది ఫీజు ఒక్కటే కాదు. పాత నిబంధనల పేజీ కనపడకుండా పోవడం. కాబట్టి పాత ప్రతి, కొత్త ప్రతి పక్కపక్కన ఎప్పటికీ ఉండాలి. ఓపెన్ టర్మ్స్ ఆర్కైవ్ లాంటి వాళ్ళు పెద్ద సైట్ల నిబంధనలు రోజూ పట్టి భద్రపరుస్తున్నారు. అది కంపెనీయే చేయాల్సిన పని.

అనంతపురం_అబ్బి

అందరూ విదేశాల కథలే. మన దేశంలో జనం ఎప్పుడన్నా కదిలినారా?

మల్లెపందిరి

కదిలారు కదండీ, 2021 సంక్రాంతి మర్చిపోయారా! వాట్సాప్ తెరిస్తే చాలు, ఫిబ్రవరి 8 లోగా కొత్త ప్రైవసీ పాలసీకి ఒప్పుకోవాలని తెర మొత్తం కమ్మేసేది. మా పెద్దమ్మ భోగి మంటల దగ్గర కూర్చుని "మన కబుర్లన్నీ ఫేస్‌బుక్కువాడు చదువుతాడంట" అని అందరినీ ఇంకో చాట్ యాప్ సిగ్నల్‌కి తోలుకెళ్ళింది. నలభై మూడు మందిమి. మామయ్య టెలిగ్రామ్‌కి పోదాం అన్నాడు, అదో గొడవ. కనుమ వెళ్ళేలోగా గడువు మే 15కి జరిపారు. ఉగాది నాటికి మళ్ళీ అందరం వాట్సాప్‌లోనే. సిగ్నల్ గ్రూపులో ఇప్పటికీ పెద్దమ్మ ఒక్కతే గుడ్ మార్నింగ్ పెడుతోంది, పాపం.

నల్లకోటు

మల్లెపందిరి గారు మంచి ఉదాహరణ ఎత్తారు. అందులో వాట్సాప్ చేసిన తప్పులు రెండున్నాయి, రెండూ వేర్వేరు.

మొదటిది చెప్పిన తీరు. ఆ మార్పు ఎక్కువగా వ్యాపార సంస్థలతో మనం చేసే చాట్లకు సంబంధించినది. సొంత చాట్లు ఎప్పటిలాగే బయటివాళ్ళు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. ఆ తెర చదివిన ఒక్కరికీ అది అర్థం కాలేదు. తర్వాత వాళ్ళు మన పేపర్లలో పేజీ నిండా ప్రకటనలిచ్చుకున్నారు, స్టేటస్‌లో మెసేజీలు పెట్టుకున్నారు. ముందే రెండు వాక్యాలు సరిగ్గా రాసుంటే ఆ ఖర్చు తప్పేది.

రెండోది అసలుది. ఒప్పుకో లేదా వెళ్ళిపో. 2016లో పాలసీ మార్చినప్పుడు అప్పటికే ఉన్నవాళ్ళకు ఫేస్‌బుక్ ప్రకటనల కోసం సమాచారం పంచుకోవద్దని చెప్పే వీలుండేది, అదీ 30 రోజులే. 2021లో అది లేదు. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ దీన్నే పట్టుకుంది. సొంతంగా విచారణ మొదలుపెట్టి 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. అప్పీలు ట్రిబ్యునల్ 2025 నవంబరులో జరిమానా నిలబెట్టింది, ఐదేళ్ళు సమాచారం పంచుకోకూడదన్న నిషేధాన్ని మాత్రం కొట్టేసింది. కాబట్టి ఎంత స్పష్టంగా చెప్పినా, కాదనే దారి లేకపోతే అది బెదిరింపే. నోటీసు గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ సంగతి వదిలేస్తున్నాం.

అమెరికాలో ఒక కేసు కూడా చెప్పి ఆపేస్తా. డగ్లస్ అనే ఆయన టెలిఫోన్ కంపెనీ చేతులు మారింది. కొత్త యజమాని ఛార్జీలు పెంచి, కోర్టుకు వెళ్ళకూడదన్న షరతు చేర్చి, వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకున్నాడు. ఈయన కార్డు నుంచి బిల్లు దానంతటదే కట్ అవుతుంది కాబట్టి సైట్ తెరిచే పని లేదు. నాలుగేళ్ళు తెలియలేదు. 2007లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది, షరతులు మారాయేమోనని రోజూ వెబ్‌సైట్ తొంగిచూసే బాధ్యత ఎవరికీ లేదని. ఆటోమేటిక్‌గా కోసుకోవడం ఉందే, అక్కడే అసలు ప్రమాదం. మీ నాన్నగారిదీ అదే పరిస్థితి. చేత్తో డబ్బు ఇచ్చే పద్ధతైతే 50 బదులు 125 అడిగిన మొదటి రోజే ఆయన "ఎందుకు" అనేవారు.

చిట్టాపుస్తకం

నల్లకోటు గారూ, ఈ చివరి ముక్క బాగా తగిలింది. నిన్న ఆదివారం ఇంటికి వెళ్ళాను. కొట్లో కూర్చుని ఒకటి చూశాను, చెప్పాలనిపించింది.

నాన్న పదిహేనిళ్ళకి మంచినీళ్ళ టిన్ను వేయిస్తారు. ఖాతా, నెలకోసారి కడతారు. ప్లాంటు వాళ్ళు రేటు పెంచారట, ఈయన 15 నుంచి 20 చేయాలి. ఒకటో తారీకుకి ఇంకా పాతిక రోజులుంది. టిన్ను వేసే కుర్రాడికి చెప్పి పంపొచ్చు. అలా చేయలేదు. వచ్చిన ఒక్కొక్కళ్ళకి, "అమ్మా, వచ్చే నెల ఒకటి నుంచి టిన్ను ఇరవై. ప్లాంటువాడు పెంచాడు. మానేస్తానంటే ఖాళీ టిన్ను ఇచ్చేయండి, డిపాజిట్ ఇచ్చేస్తా" అంటున్నారు. ఒకావిడ ఊరెళ్ళిందట. ఆవిడ ఖాతా పేజీ మీద పెన్సిల్‌తో "చెప్పలేదు" అని రాసుకున్నారు. ఆవిడకి మాత్రం వచ్చే నెల కూడా 15 చొప్పునే వేస్తారట. "చెప్పకుండా ఎట్లా పెంచుతాంరా" అన్నారు.

ఏమిటి, ఎంత, ఎప్పటినుంచి, ఎందుకు, వద్దంటే ఎలా. రెండు వాక్యాల్లో అన్నీ వచ్చేశాయి.

డెస్క్_14

ఆ పెన్సిల్ రాత చదివి కాసేపు అలా ఉండిపోయాను. మా సిస్టంలో "పంపాం" అన్న కాలమ్ ఉంది. "చెప్పలేదు" అన్న కాలమ్ లేదు. మెయిల్ వెనక్కి వచ్చినవాళ్ళు, ఏడాదిగా యాప్ తెరవనివాళ్ళు ఎవరో మాకు తెలుసు. వాళ్ళకి పాత రేటే ఉంచాలని ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

నా మాట కొంచెం దిద్దుకుంటాను. అన్ని మార్పులకీ ఒప్పుదల అడగక్కర్లేదు అన్నదాని మీద ఇంకా నిలబడతాను. కామాలు, చిరునామాలు మారితే చెప్పకపోయినా కొంపలేం మునగవు. కానీ డబ్బు ఎక్కువ కోసేది, సమాచారం కొత్తగా ఇంకొకరికి ఇచ్చేది, కోర్టుకు వెళ్ళే హక్కు తీసేది, ఈ మూడూ మౌనం మీద నడవకూడదు. వీటికి అవుననేదాకా పాత షరతులే.

ఓరుగల్లు_చీరెలు

నాలుగోది గూడ రాయి తమ్మీ. పండుగల ముంగట మార్చొద్దు. ఆల్రెడీ స్టాకు గొన్నోళ్ళకు ఆ స్టాకు అయిపోయేదాక పాత కమీషన్ ఉండాలె.

డెస్క్_14

రాశాను అక్కా. మా బాసు ఒప్పుకోడు గానీ, రాశాను.

మ్యూనిక్_మిరపకాయ

భాష సంగతేంటి? మన డేటా చట్టంలో ఏదో ఉందని విన్నాను.

నల్లకోటు

ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం మన సమాచారం వాడుకోవడానికి అనుమతి అడిగే నోటీసు తేలిక మాటల్లో ఉండాలి. ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేన్లో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు అందులో ఉంది. 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, నోటీసు మిగతా పత్రాలతో పని లేకుండా దానంతటదే అర్థం కావాలన్నారు. 31వ పేజీలోని పట్టిక చూడండి అంటే కుదరదన్నమాట. అయితే కంపెనీలకు 18 నెలల గడువుంది. పైగా అది సమాచారానికి. అద్దెకు కాదు.

పాస్‌బుక్_తాతయ్య

అప్పుల విషయంలో కొంత మేలు. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లకి ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. అందులో రాయని ఛార్జీ అతని ఒప్పుదల లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. రాయాలనుకుంటే తెలుగులో రాయొచ్చని దీన్నిబట్టి తేలుతోంది కదా. అచ్చుకి తెలుగు ఫాంట్లు లేవని ఇకమీదట ఎవరూ అనలేరు.

మీ విషయానికొస్తే బాబూ, ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు, నంబరు తీసుకో. అది బ్యాంకో, రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థో అయితే 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఓపిక కావాలి.

చిట్టాపుస్తకం

అప్‌డేట్. రాతపూర్వకంగా పెట్టాను, తాతయ్యగారు చెప్పినట్టే. నాలుగో రోజు కస్టమర్ కేర్ నుంచి ఫోన్, నాన్నకే చేశారు. అమ్మాయి తెలుగులోనే మాట్లాడిందట, మర్యాదగా. "ఎస్సెమ్మెస్ పంపామండీ, రికార్డు ఉంది" అంది. సరిగ్గా అప్పుడే ఎవరో బిస్కెట్ ప్యాకెట్టు కొని స్కాన్ చేశారు. "పది రూపాయలు అందాయి" అని పెట్టె అరిచింది. "విన్నావా అమ్మా, అది తెలుగులోనే చెప్తోంది" అన్నారట నాన్న. ఆ అమ్మాయి నవ్వేసి, ఈ ఒక్క నెల తేడా డబ్బు వెనక్కి వేయిస్తానంది. నిన్న పడింది, 88 రూపాయల 50 పైసలు. పెట్టె ఆ సంగతి కూడా చెప్పలేదు.

గేమ్_గూటిలో

అన్నా, ఒక ఐడియా. పెట్టె ఏం చెప్పాలో మనమే రాసి ఆ కంపెనీకి పంపిద్దాం. పది సెకన్లు దాటకూడదు. నాది: "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఈ పెట్టె అద్దె యాభై కాదు, నూట పాతిక. వద్దనుకుంటే ఒకటి నొక్కండి."

మల్లెపందిరి

పెట్టెకి ఒకటి ఎక్కడుందండీ నొక్కడానికి? ఉన్నది సౌండు పెంచే బటనూ తగ్గించే బటనూ!

పాస్‌బుక్_తాతయ్య

జీఎస్టీ కూడా కలిపి చెప్పాలి. కోసేది నూట పాతిక కాదుగా, 147 రూపాయల 50 పైసలు. నాది: "అయ్యా, వచ్చే నెల ఒకటి నుంచి ఈ పెట్టె అద్దె పన్నుతో కలిపి 147 రూపాయల 50 పైసలు. ఇప్పుడు కడుతున్నది 59. వద్దనుకుంటే నెలాఖరులోగా పెట్టె తిరిగి ఇచ్చేయండి, అదనంగా ఏమీ తీసుకోము." పొద్దున కొట్టు తీయగానే ఒకసారి, వారం రోజులు.

చిట్టాపుస్తకం

తాతయ్యగారిది నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. బాగుందన్నారు. ఒక్క మాట మార్చమన్నారు. "పెట్టె తిరిగి ఇచ్చేయండి" అని కాదట, "మేమే వచ్చి తీసుకెళ్తాం" అనాలట. తెచ్చి పెట్టింది వాళ్ళే కదా అన్నారు.